బరంపురమున నొక విషయసూచిక

ఋషికుల్యానదికి దక్షిణమున, గోపాలపురపు సముద్రతీరమునకు సమీపమున నున్న బరంపురము తెలుగు గ్రంథచరిత్రలో చిన్న ఊరు కాదు. దేవరాజు వేంకటకృష్ణారావుగారి వేగుచుక్క గ్రంథమాల ఈ పట్టణమునుండియే వెలువడి ఆంధ్రపాఠకులకు అపరాధపరిశోధక నవలల రుచి చూపెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన నూతనముగా నేర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరిన పిదప, ఇచ్చటి తెలుగు పిల్లలు క్రమక్రమముగా ఒడియాలోను ఇంగ్లీషులోను చదువు నభ్యసింపసాగిరి. ఇండ్లలో మాట నిలిచినది గాని, అలమారులలోని పుస్తకములు చదువరులు లేక పురుగుల పాలగుట నేను కన్నులార చూచినదే. అట్టి యొక యింట తాతగారి పుస్తకములను మనుమరాలు ఈ-బుక్కులుగా మార్చుచున్నదని విని, పట్టుమగ్గముల వీథి దాటి వారియింటికి వెళ్లితిని.

తాతగారు విశ్రాంత ఉపాధ్యాయులు. కంటిచూపు దాదాపుగా పోయినది. బల్లపై ఒక పాత వచనగ్రంథము తెరచియుండెను. దాని విషయసూచిక చూడ ముచ్చట గొలుపునది: ఎడమవైపు ప్రకరణముల పేర్లు, కుడివైపు పుటసంఖ్యలు, నడుమ చుక్కలబారు. ఆ అమ్మాయి దానిని మొదట ఉన్నదున్నట్లు టైపు చేసినదట. అచ్చుపుస్తకమునకు పుట స్థిరము. ఈ-బుక్కునకు అట్టి పుట లేదు. చదువరి అక్షరమును పెద్దది చేసిన క్షణముననే పుటలన్నియు క్రొత్తగా నేర్పడును. కనుక 143 అను అంకె ఆ సూచికలో ఎంత చక్కగా నిలిచినను, అది చూపవలసిన చోటు ఎక్కడను లేదు. అంకెను తొలగించి, పేరునే లంకెగా మలచి, ఆ లంకె ప్రకరణశీర్షికను తాకునట్లు చేయవలెను.

ఈ-పబ్ ఆకృతిలోని పుస్తకము నిజమునకు జిప్ చేసిన యొక మూట. విప్పి చూచినచో ప్రకరణముల ఫైళ్లు, వాని పఠనక్రమమును తెలుపు జాబితా, చిత్రములు విడివిడిగా కనబడును. అందు సూచికలు రెండు విధములుగా నుండవచ్చును: ముఖపత్రము తరువాత పుటగా కనబడునది ఒకటి, మూటలో దాగియుండి పఠనయంత్రపు మెనూలో తెరచుకొనునది మరియొకటి. ఈ రెండవదానిని ఈ-పబ్ 2లో ఎన్‌సీఎక్స్ అను ఫైలు మోసెడిది. 2011లో వెలువడిన ఈ-పబ్ 3లో నావ్ అను పత్రము ఆ స్థానమును గ్రహించినది, పాత యంత్రముల కొరకు రెండింటిని ఉంచువారును కలరు. ఆ ఎన్‌సీఎక్స్ అంధుల కొరకు శబ్దగ్రంథములను సిద్ధపరచుటకై యేర్పడిన డెయిసీ ప్రమాణమునుండి వచ్చినది. పుటలు త్రిప్పి చూడజాలనివారు శీర్షికనుండి శీర్షికకు చెవితోనే నడచిపోవుటకై కల్పించిన మార్గమునే, చూపున్న మనమందరమును నేడు వాడుకొనుచున్నాము. ఈ సంగతి చెప్పగా తాతగారు ఉత్సాహముతో ముందుకు వంగి, “అయితే బాబూ, అది ముందు నాకు పనిచెయ్యాలి, తర్వాతే మీకు,” అనిరి.

సూచిక చేతితో వ్రాసి అతికింపదగినది కాదని, గ్రంథముయొక్క నిర్మాణమునుండియే పుట్టవలెనని నా కచ్చట స్పష్టమైనది. కాలిబర్, సిజిల్ అను ఉచితసాధనములు శీర్షికలను ఏరి సూచికను తామే కూర్చును. అయితే అది శీర్షికయని వానికి తెలియవలెను గదా! అక్షరములను లావుచేసి నడుమకు జరిపినంతమాత్రమున మన కంటికి శీర్షిక యగును గాని, యంత్రమున కదియు నొక సామాన్యవాక్యమే. భాగములకు మొదటి స్థాయి, ప్రకరణములకు రెండవ స్థాయి గుర్తులు వేసిన తరువాత మెనూ నిండినది. నిండుటయే గాక పొంగినది. “మూడవ ప్రకరణము” అని ఒక పంక్తియు, దాని పేరు మరియొక పంక్తియు వేరువేరు శీర్షికలుగా నున్నందున, ప్రతి ప్రకరణమును రెండేసి మారులు వచ్చినది. రెండు పంక్తులను ఒకే శీర్షికలో చేర్చి, నడుమ పంక్తివిరుపు మాత్రము పెట్టగా అది సర్దుకొనినది.

అసలు చర్చ అంతట మొదలైనది. ఆ గ్రంథమున ఏడవ ప్రకరణములు రెండు! అచ్చుపొరపాటున ఎనిమిదవదానికిని ఏడే పడినది. తప్పొప్పుల పట్టికలో నైనను దాని ఊసు లేదు.

“మెనూలో రెండు ఏడులుంటే చదివేవాళ్లు ఏది నొక్కాలి తాతయ్యా?” అని ఆమె యడిగినది.

“అచ్చులో ఉన్నది మార్చకు తల్లీ. ఆ అంకె పట్టుకుని ఎవరెవరు ఏం రాసుకున్నారో మనకేం తెలుసు?” అని ఆయన.

ఇద్దరి మాటయు న్యాయమే. గ్రంథపాఠమును మౌనముగా దిద్దు అధికారము పరిష్కర్తకు లేదని నా దృఢవిశ్వాసము. కాని మెనూలోని సూచిక గ్రంథకర్త వ్రాసినది కాదు, అది పరిష్కర్త చదువరికి చేయు సేవ. సిజిల్‌లో శీర్షికకు టైటిల్ అను లక్షణమును జోడించినచో, పుటలో ఒక పాఠమును మెనూలో మరియొక పాఠమును చూపవచ్చును. పుటలో “ఏడవ ప్రకరణము” అట్లే నిలిచినది. మెనూలో “ఎనిమిదవ ప్రకరణము, అచ్చులో ఏడవది” అని చేరినది. గ్రంథాంతమున ఒక వివరణయు వ్రాయబడినది.

పిమ్మట ఈపబ్‌చెక్ అను పరీక్షాసాధనము దోషము లేదని చెప్పినది. తాతగారి పరీక్ష అంతకంటె కఠినము. ఫోను చదివి వినిపించుచుండగా ఆయన వ్రేలితో మెనూ జరుపుచు ఒక్కొక్క ప్రకరణమును తెరచి వినిరి. ఒక ఉపశీర్షికకు బదులు ప్రకరణారంభము వినబడగానే చేయి యెత్తిరి. లంకె సరియైన ఫైలునకే పోవుచున్నది గాని, లోపలి స్థానమును చూపు గుర్తు ఎక్కడనో రాలిపోయినది. ఈపబ్‌చెక్ దానిని పట్టలేదు, ఏలయన ఆ లంకె గమ్యము ఫైలేయైనపుడు దానికది నిర్దుష్టమే. గుర్తును తిరిగి పెట్టి, ఆమె మరల వినిపించినది.

వారి వరుసలో తరువాతిది అయిదాశ్వాసముల కావ్యము. ఆశ్వాసములవరకు సూచిక చాలునని ఆమె. అకారాది పద్యసూచికలోని ప్రతి మొదటిపాదమును తన పద్యమునకు లంకె కావలెనని ఆయన. నేను సెలవు తీసుకొనునప్పటికి ఆమె పద్యములకు సంఖ్యలు వేయుటకు ఆరంభించియుండెను.