మందు ఒకటే, మోతాదు ఒకటి కాదు

ఒళ్ళు సగం కాలిన ఒక యువకుడు నాకు నేటికీ గుర్తున్నాడు. సూక్ష్మజీవులు అమికాసిన్‌కు లొంగుతాయని కల్చర్ పరీక్ష చెప్పింది. పుస్తకంలోని మోతాదే ఇచ్చాను. జ్వరం తగ్గలేదు, అతడు దక్కలేదు. మోతాదు చాలలేదేమోనన్న శంక నన్ను వీడలేదు.

కాలిన తొలి గంటల్లో రక్తనాళాల నుండి నీరు కణజాలంలోకి చేరి మందు పలచబడుతుంది. రెండు రోజుల తరువాత చాలామందిలో మూత్రపిండాలు మందును అతివేగంగా విసర్జిస్తాయి. క్రియాటినిన్ మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనైతే అదే మందు పేరుకొని వినికిడికి చేటు చేస్తుంది. కనుక ఇటువంటి మందుల స్థాయిని రక్తంలో కొలిచి మోతాదు నిర్ణయించడం మేలు.

మీవారికి ఆ స్థితి వస్తే, ఈ పరీక్ష వీలవుతుందేమో వైద్యుణ్ణి అడగండి. మోతాదును మాత్రం మీరుగా మార్చకండి.