కులశేఖరపట్టణపు దసరా వేషములు

రుసుము చెల్లించి భయపడుటకు పోవువారు లోకమున కలరు. అమెరికా దేశమున అక్టోబరు 31వ తేది హాలోవీన్ పండుగ. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ అను విహారోద్యానమున 1973లోను, ఫ్లారిడాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో 1991లోను ఈ పండుగకై రాత్రివేళ దయ్యముల వేషములతో వినోదములు ప్రారంభమైనవి. పొగలో నుండి పిశాచము దుముకును. చూపరులు కేకలు వైచి, పిమ్మట నవ్వుకొనుచు ఇండ్లకు మరలుదురు. వేషధారికి జీతము, చూపరికి వినోదము.

విద్యార్థులారా! భయంకర వేషములు చూచుటకు మనము సముద్రములు దాటనక్కఱలేదు. తూత్తుకుడి జిల్లాలో, తిరుచ్చెందూరునకు దక్షిణమున, కడలి యొడ్డున కులశేఖరపట్టణము కలదు. అచటి ముత్తారమ్మకు దసరా దినములలో గొప్ప ఉత్సవము. మ్రొక్కుకొన్న భక్తులు కాళిగా, రాక్షసులుగా, కోతులుగా, రాజులుగా, బిచ్చగాండ్రుగా వేషములు ధరించి, ఇంటింట కానుకలెత్తి, ఆ ధనమును అమ్మవారి హుండీలో సమర్పింతురు. నేను తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు గంగజాతర వేషములు చూచితిని గాని, అట్టి కాళీవేషముల సమూహమును అంతకుముందు ఎఱుగను.

గత విజయదశమి నాడు నా యెనిమిదేండ్ల కుమార్తెతో అచటికి పోయితిని. చీకటి పడువేళ, తప్పెటల మ్రోత నడుమ, ఒక కాళి మా యెదుట నిలిచెను. నల్లని మోము, వ్రేలాడు ఎఱ్ఱని నాలుక, బరువైన కిరీటము, వీపున కట్టిన కొయ్యచేతులు. బాలిక నా వెనుక దాగి వణకసాగెను. నేనామెను ఊరడించు మాటలు విని కాబోలు, కాళి వంగి, పళ్లెము చాచి, మన యింటి తెలుగులోనే "బయపడొద్దు పాపా, అమ్మకు కానుక వెయ్యి" అనెను.

బాలిక తొంగిచూచి, "నాయనా, కాళికి తెలుగు వస్తుందా?" అని యడుగగా కాళి నవ్వెను.

ఆయన విరుదునగరు ప్రక్క పల్లెలోని రైతు. ముందటి యేడు కుమారుడు జ్వరముతో తెలివిలేక పడియుండగా మ్రొక్కుకొన్నాడట. "బిడ్డ కన్ను తెరిస్తే మూడేండ్లు కాళివేసం కడతానని మొక్కినాను సారూ. ఆ మూడు దినాలు నేను పడిన బయం ముందర ఈ వేసం యెంత?" అనెను. అందుకై నలువదియొక్క దినములు ఒంటిపూట భోజనముతో, పాదరక్షలు లేక, నియమము పాటించియుండెను.

నా కుమార్తె పళ్లెములో నాణెము వేసి, "ఆ అన్నకు ఇప్పుడు బాగుందా?" అని యడిగెను. "బడికి పోతా ఉండాడమ్మా" అని ఆయన బదులు చెప్పెను.

ఆ రాత్రి సముద్రతీరమున శూరసంహారము జరిగెను. మహిషాసురుడు తలలు మార్చి మార్చి వచ్చుచుండగా బాలిక నా చేయి విడువలేదు. కాని కన్నులు మూసికొనలేదు.

మన శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రచించెను. అందు కురుంగుడి స్వామిని గానముతో సేవించు మాలదాసరి కథ కలదు. చీకటిలో దాసరిని పట్టిన బ్రహ్మరాక్షసుడు కుంభజానువు చూచుటకు ఘోరుడే. కాని తుదకు ఆతడే దాసరి పాదములపై బడి, పాట ఫలమిచ్చి తన్ను ఉద్ధరింపుమని యాచించును. భయపెట్టినవాడే చేయి చాచు తీరును నేను ఏటేట పాఠముగా చెప్పుచుందును. కులశేఖరపట్టణమున కన్నులార చూచితిని.

ఉద్యానవనపు పిశాచమును ద్వారము దాటినంతనే మఱచిపోవచ్చును. అందు తప్పులేదు, ఆట ఆటయే. ఈ కాళి వెనుక మాత్రము, ఒకనాడు మనకంటె ఎక్కువగా భయపడిన తండ్రి యున్నాడు. నా కుమార్తె ఆయన నాలుకను గూర్చి గాని, కిరీటమును గూర్చి గాని యేమియు అడుగలేదు. ఆ బాలుని క్షేమమునే యడిగెను.