అది మందు కాదు కదా!

మా నూజివీడు వైపు తిప్పతీగను ఎవరూ నాటరు. తోట కంచె మీదో, గట్టున వేపచెట్టు మీదో దానంతట అదే పాకుతుంది. కరోనా ముందు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2020లో ఒక్కసారిగా స్టార్ అయిపోయింది. వాట్సాప్‌లో రోజుకో ‘ఇమ్యూనిటీ’ ఫార్వర్డ్. ఆ అక్టోబరులో కేంద్ర ఆయుష్ శాఖ ఇచ్చిన కోవిడ్ మార్గదర్శకాల్లోనూ తిప్పతీగ మాత్రలు ఉన్నాయి. ఇంకేముంది, సెకండ్ వేవ్ మొదలవగానే మా బాబాయ్ రోజూ పొద్దున్నే జానెడు తీగ ముక్క కోసి, దంచి, మరిగించి గ్లాసుడు తాగడం మొదలుపెట్టాడు.

రసాల కోతలు అయిపోయేసరికి మనిషి నీరసపడ్డాడు. అన్నం సయించట్లేదు, ఒళ్ళంతా దురద. కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు అనగానే వీధిలో ముగ్గురు పసరు మందు అడ్రసులు చెప్పారు. ఒకాయన ఏకంగా నేల ఉసిరి నూరి గ్లాసులో పట్టుకొచ్చాడు. పిన్ని ఆ గ్లాసు తీసి పక్కన పెట్టింది. ఆ రోజు ఆమె చేసిన మంచి పని అదే.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి బెజవాడ ఆస్పత్రికి తోడు నేనే వెళ్ళాను. ఎస్‌జీపీటీ మామూలుగా 40 అటూఇటూ ఉండాలి, బాబాయ్‌కి వెయ్యి దాటింది. హెపటైటిస్ టెస్టులన్నీ నెగెటివ్. మందు అలవాటు లేదు. “వేరే మందులేమైనా వాడుతున్నారా?” అని డాక్టర్ అడిగితే, “అబ్బే, బీపీ బిళ్ళ ఒక్కటేనండీ” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో మందంటే షాపులో కొనేది.

మర్నాడు ఒక జూనియర్ డాక్టరమ్మ అదే ప్రశ్న ఇంకోలా అడిగింది. “కషాయాలు, పొడులు, ఆకురసాలు ఏమైనా తాగుతారా అండీ?”

“ఓ, అవా! రెండు నెలలుగా ఒక్కరోజు కూడా మానలేదమ్మా!” బాబాయ్ గొంతులో గర్వం.

మనం మింగినదాంట్లో పేగులు పీల్చుకున్నదంతా చాలావరకు ముందు కాలేయానికే వెళ్తుంది. అది ఆకా, బిళ్ళా అన్న తేడా దానికి ఉండదు. రోగనిరోధక శక్తిని తట్టిలేపుతుందనే కదా తిప్పతీగకి అంత పేరు. కొందరిలో ఆ లేచిన శక్తి సొంత కాలేయం మీదే పడుతోందని డాక్టర్ల అనుమానం. 2021లో ముంబై డాక్టర్లు ఇలాంటి ఆరు కేసులు ప్రచురించారు. 2022లో దేశంలోని 13 కేంద్రాల డాక్టర్లు కలిసి 43 కేసులు బయటపెట్టారు. వాళ్ళలో దాదాపు సగం మందికి నెలన్నరలోపే లక్షణాలు వచ్చాయి. తాగిన అందరికీ ఇలా అవుతుందని కాదు. ఎవరికి అవుతుందో ముందే తెలియదు, అదీ చిక్కు. చైనాలో జుట్టు నల్లబడాలని వాడే ‘హె షౌ వు’ అనే దుంపదీ ఇదే కథ.

ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమే, దాన్ని పోలిన వేరే తీగను పొరబడి వాడి ఉండొచ్చు అంది. సరే, అదే నిజమనుకుందాం. మా గట్టు మీద పాకింది ఏ తీగో పొద్దున్నే కత్తి పట్టుకెళ్ళిన బాబాయ్‌కి ఎవరు చెప్పాలి?

కషాయం ఆపించారు. రిపోర్టులు మామూలవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ పిన్ని సరిగ్గా నిద్రపోలేదు.

ఆఖరి చెకప్‌కి ఆమె ఒక కాగితం రాసి తెచ్చింది. ఇంట్లో బాబాయ్ నోట్లోకి వెళ్ళేవన్నీ అందులో ఉన్నాయి: బీపీ బిళ్ళ, త్రిఫల, వాముపొడి, కింద చిన్న అక్షరాల్లో అశ్వగంధ లేహ్యం. డాక్టర్ చివరిదాని కింద ఎర్రగీత గీసి, దీంతోనూ లివర్ కేసులు వచ్చాయి, ఆపేయండి అన్నారు.

బాబాయ్ మొహం చిన్నబోయింది. “అది బలానికండీ,” అన్నాడు, “మందు కాదు.”