రామగిరి: పైన గాలి, క్రింద బంగారము

రామగిరి దారిలో మాకు మొదట కనబడినవి కొండలమీద 1990లలో వెలసిన గాలిమరలు. దిగువన బంగారు గనులు. ఆంగ్లేయుల కాలపు కంపెనీ ఇక్కడ త్రవ్వి, 1927లో మానుకొన్నది. తరువాత కోలారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ వచ్చినది. 2001లో అదియు మూతపడినది.

బంగారమునకు, గాలికి పెట్టుబడి దొరికినది. నడుమనున్న ఎర్రనేలకే వాన దొరకదు! పాత అనంతపురం జిల్లా సగటు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. అదియు అదనుకు పడదు. అయినను ఇక్కడి రైతు అప్పుచేసి వేరుశనగ విత్తుచునే యున్నాడు.

కాయలు వలుచుచున్న ఒక పెద్దమ్మను గనిని గూర్చి అడిగితిమి.

"ఆ బంగారు మేము సూడల్యా నాయనా. ఈ ఇత్తనాలకు ఒక్క పదును వాన పడితే సాలు" అన్నది, చేట దించకుండానే.