బరాత్ గుర్రం

హైదరాబాద్‌లో పెళ్లి బరాత్ పోతుంటే నా చూపు పెళ్లికొడుకు మీద నిలవదు, గుర్రం చెవుల మీదికి పోతుంది. డీజే దద్దరిల్లినప్పుడల్లా అవి వెనక్కి వాలిపోతాయి. అసలే మనకు వినపడని సన్నని శబ్దాలు కూడా వినే చెవులు, పక్కనే టపాసులు.

కడుపు సంగతి ఇంకా సున్నితం. వాంతి చేసుకోవడం గుర్రానికి సాధ్యం కాదు. అందుకే కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికే రావచ్చు. రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి నమలాల్సిన జీవికి రెండు పూటలా దాణా కుమ్మరిస్తే సరిపోదు. ఇక నిద్ర. నిలబడే కునుకు తీస్తుంది, నిజమే. కానీ పూర్తి నిద్ర పట్టాలంటే పడుకోవాలి. భయంగా ఉంటే పడుకోదు. పక్కన మరో గుర్రం ఉంటే ధీమా. (ఈ విషయంలో మనం మాత్రం వేరా?)

చివరగా నోటి సంగతి. అదుపు కోసం నోట్లో పెట్టే ముళ్ల కళ్లెం 1965 నాటి నిబంధనల ప్రకారమే నిషిద్ధం. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు దాని నోట్లోకి ఒకసారి చూడండి. ముళ్లుంటే వద్దనండి.