ఉరుము ఏ దిక్కున?

మన బ్రాంచి మినీ ప్రాజెక్ట్ టైటిల్స్ లిస్టు చూశారా? ఫుడ్ డెలివరీ యాప్, అటెండెన్స్ యాప్, చాట్‌బాట్, మళ్ళీ ఇంకో చాట్‌బాట్. వాటి మధ్యలో గామా కిరణాల పేలుళ్ళని పట్టుకునే ప్రోగ్రామ్ అని ఒకటుంది. అది మా టీమ్‌దే. "ఏంట్రా, ఇస్రోలో చేరిపోతున్నావా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ కారిడార్‌లో నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

చాలా పెద్ద నక్షత్రం ఒకటి కుప్పకూలినప్పుడో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడో ఒక్కసారిగా గామా కిరణాలు వెదజల్లుతాయి. కొన్నిసార్లు రెండు సెకన్లలోపే అయిపోతుంది, కొన్నిసార్లు నిమిషాలు పడుతుంది. మన వాతావరణం ఆ కిరణాలని నేల దాకా రానివ్వదు. అది మన అదృష్టమే, కానీ వాటిని చూడాలంటే ఉపగ్రహం కావాలి.

వీటిని మొదట పట్టుకున్నది ఖగోళ శాస్త్రవేత్తలు కాదు. 1963 ఒప్పందం తర్వాత ఎవరైనా దొంగచాటుగా అణుపరీక్షలు చేస్తున్నారేమో అని కాపలాకి అమెరికా వేలా అనే ఉపగ్రహాలు పంపింది. 1967 జులై 2న వాటిలో ఒక సిగ్నల్ కనిపించింది. బాంబు లక్షణాలు లేవు. ఇలాంటివి మరికొన్ని పోగుచేసి, భూమి నుంచీ సూర్యుడి నుంచీ రావట్లేదని తేల్చుకుని, 1973లో లోకానికి చెప్పారు.

సరే, పేలింది. ఎక్కడ? అసలు చిక్కు అక్కడే.

ఈ చిక్కు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, వేరే పేరుతో. మాది దర్శి. ఫిబ్రవరి వస్తే మిరపకాయలు కల్లంలో ఎర్రగా పరిచి ఉంటాయి. అప్పుడు ఉరుము వినపడితే మా నాయనమ్మ చేతిలో పని ఆపేసి చెవి పెడుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య వేళ్ళు లెక్కపెడుతుంది. "కురిచేడు వైపురా అబ్బాయ్, ఇటే వచ్చిద్ది, పట్టలు తియ్యండి" అంటుంది. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను పదో తరగతిలో ఉన్న ఏడాది గాలి గోలలో దిక్కు తెలియలేదు. పట్టలు కప్పేసరికే సగం కల్లం తడిసింది. తడిసిన కాయ రంగు పోయి తాలు కింద లెక్కేస్తారు, రేటు ఎక్కడికో పడిపోద్ది. ఆ ఏడాది మా ఇంట్లో చాలా ఖర్చులు వాయిదా పడ్డాయి. ఉరుము విన్నా దిక్కు తెలియకపోతే ఏం పోద్దో నాకు అప్పుడే అర్థమైంది.

గామా కిరణాలకి ఈ లెక్క ఇంకా కష్టం. ముందు మెరుపు, తర్వాత ఉరుము అని రెండు రావు. పైగా లెన్సు పెట్టి బొమ్మ తీద్దామంటే ఆ కిరణాలు గాజులోంచి దూసుకుపోతాయి. అందుకని మూడు నాలుగు తెలివైన దారులు కనిపెట్టారు.

మొదటిది టైమింగ్. రెండు ఉపగ్రహాల మధ్య 3 లక్షల కిలోమీటర్ల దూరం ఉందనుకోండి. కాంతి ఆ దూరం వెళ్ళడానికి 1 సెకను. సిగ్నల్ రెంటికీ ఒకేసారి అందితే అది పక్కనుంచి, అంటే 90 డిగ్రీల కోణంలో వచ్చినట్టు. అర సెకను తేడా ఉంటే 60 డిగ్రీలు. మన ఇంటర్‌లో చదివిన కొసైనే! అయితే దీంతో ఆకాశంలో ఒక చుక్క రాదు, ఒక వలయం వస్తుంది. మూడో ఉపగ్రహం ఉంటే ఇంకో వలయం వస్తుంది, రెండూ కలిసే చోట వెతకాలి.

రెండోది లెక్కల తేడా. 2008లో వెళ్ళిన ఫెర్మీ టెలిస్కోప్‌లో 12 డిటెక్టర్లు తలో దిక్కుకి చూస్తుంటాయి. వానకి ఏ గోడ ఎక్కువ తడిసిందో చూసి జల్లు ఎటునుంచి కొట్టిందో చెప్పినట్టు, ఏ డిటెక్టర్‌కి ఎక్కువ కిరణాలు తగిలాయో చూసి దిక్కు చెబుతారు. కాకపోతే కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. నిండు చంద్రుడి వెడల్పే అర డిగ్రీ, కాబట్టి అది చాలా పెద్ద చోటు.

మూడోది నీడ. 2004లో వెళ్ళిన స్విఫ్ట్ మీద సీసం పలకలు పేర్చిన ఒక తెర ఉంది, మధ్యమధ్యలో ఖాళీలతో. కింద 32,768 డిటెక్టర్ ముక్కలు. చిరుగులున్న పట్ట కింద నేల మీద పడే వెలుగు మచ్చలు సూర్యుడు కదిలేకొద్దీ ఎలా జరుగుతాయో, ఇక్కడా అంతే. ఏ నమూనా పడిందో చూసి ఎక్కడి నుంచి వచ్చిందో కంప్యూటర్ వెనక్కి లెక్క కడుతుంది. తర్వాత ఉపగ్రహమే ఒకట్రెండు నిమిషాల్లో అటు తిరుగుతుంది.

ఇప్పుడు మనది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ30 మీద ఆస్ట్రోశాట్ వెళ్ళింది. దాని మీది సీజెడ్‌టీఐ అనే పరికరంలో 16,384 పిక్సెళ్ళు. అది 2 పవర్ 14, స్విఫ్ట్‌ది 2 పవర్ 15. సీఎస్ వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి! అక్టోబరు 6న ఆన్ చేసిన మొదటి రోజే ఒక పేలుడు దొరికింది. దాని పేరే తేదీ, జీఆర్‌బీ 151006ఏ. ఆ పరికరం చూస్తున్న దిక్కుకి దాదాపు 60 డిగ్రీల పక్కనుంచి వచ్చింది. అంత శక్తి ఉన్న కిరణాలకి పరికరం గోడలు అడ్డు కావు, కాబట్టి అది చూడని వైపు కూడా చూసేస్తుంది. ఉపగ్రహం సొంత ఒళ్ళే కిరణాలకి అడ్డుపడి వేసే నీడలని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసి, మనవాళ్ళు దిక్కు కూడా లెక్క కట్టారు. 5 ఏళ్ళు పనిచేస్తే చాలనుకుని పంపారు. 2023 నవంబరులో 600వ పేలుడు పట్టింది.

దిక్కు తెలిశాక త్వరగా నలుగురికీ చెప్పాలి. పేలుడు తర్వాత మిగిలే వెలుగు గంటల్లో మసకబారిపోతుంది. 1997 ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ అనే ఉపగ్రహం చోటు చెప్పబట్టే ఆ వెలుగుని మొదటిసారి మామూలు టెలిస్కోపుల్లో చూడగలిగారు. ఆ ఏడాదే మేలో ఇంకో పేలుడు దూరం కొలిచి, ఇవి మన పాలపుంతలోవి కావని తేల్చారు. ఇప్పుడు కబురు సెకన్లలో అందుతుంది. లడఖ్‌లోని హాన్లేలో మన రోబో టెలిస్కోప్ కూడా అలాంటి కబురు వస్తే అటు తిరుగుతుంది. నాయనమ్మ కేక పెట్టగానే పక్క కల్లాల వాళ్ళు కూడా పట్టలు తీసినట్టు.

మా ప్రాజెక్ట్‌లో ఇంత లేదు. ఫెర్మీ డేటా అందరికీ ఉచితం. సెకనుకి సగటున 400 కిరణాలు వస్తుంటే, ఊరికే వచ్చే హెచ్చుతగ్గు దాదాపు 20. ఎప్పుడైనా 500 వచ్చిందంటే ఏదో జరిగింది. అది ఒక్క డిటెక్టర్‌లోనేనా, కనీసం రెండింట్లోనా అని చూడాలి. ఒక్కదాంట్లోనే అయితే ఏదో కణం తగిలి ఉండొచ్చు. ఈ గీత ఎక్కడ గీయాలన్నదే మా తలనొప్పి. కిందికి గీస్తే రోజంతా దొంగ అలారాలు, పైకి గీస్తే చిన్న పేలుళ్ళు జారిపోతాయి.

నాన్నకి చెబితే ముందు ఒకటే అడిగాడు: "దీనివల్ల ఉద్యోగం వచ్చిద్దా?" ఆయన అడగాల్సిన ప్రశ్నే. నా ఫీజు మిరపకాయల్లోంచి వస్తోంది. ఇది రెజ్యూమేలో యాప్ అంత తేలిగ్గా అర్థం కాదని సీనియర్లు కూడా చెప్పారు. నాన్నకి అబద్ధం చెప్పలేదు. "తెలీదు నాన్నా. కానీ గోలలోంచి నిజాన్ని వెతికే పని బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, వాతావరణ శాఖలో అన్నిచోట్లా ఉంది" అన్నా. కాసేపు ఆలోచించి, "దొంగ అలారం ఎక్కువైతే ఎవరూ పట్టలు తియ్యరు, అది చూసుకో" అన్నాడు.

మా గైడ్ కూడా రివ్యూలో అదే అడిగారు, కాకపోతే ఇంగ్లీషులో.

వచ్చే నెల ఫైనల్ రివ్యూ. ఇప్పటికి మా ప్రోగ్రామ్ పెద్ద పేలుళ్ళని పట్టుకుంటోంది, చిన్నవాటి దగ్గర తడబడుతోంది. స్టాటిస్టిక్స్ బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే సాయంత్రం ల్యాబ్‌కి రండి. టీ మాది.