కంపచెట్టూ, ఇనుప చెయ్యీ

కడప జిల్లాకు ఉత్తరపు కొసన, కుందూ నది పారే సీమలో పెద్దముడియం అనే ఊరున్నది. చుట్టూ నల్లరేగడి నేల. శనగ, జొన్న, పత్తి పండుతాయి. తూర్పు చాళుక్యుల శాసనాలలో కనిపించే ముదివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులంటారు. వేము అంటే వేప. పేరులోనే వేపచెట్టున్న ఈ సీమలో, ఇవాళ వంకగట్ల మీదా బీళ్ళలోనూ విరివిగా కనిపించేది మాత్రం వేప కాదు, సర్కారు తుమ్మ. జనం కంపచెట్టనే అంటారు.

ఇది మన దేశపు చెట్టు కాదు. వంటచెరకు కరువైన మెట్టప్రాంతాలలో పెంచటానికని మద్రాసు అటవీశాఖవారు జమైకా ద్వీపం నుంచి విత్తనాలు తెప్పించి, 1877లో నాటించారు. ఎక్కడనుకున్నారు? ఈ జిల్లాలోనే, కమలాపురంలో! కుందూ పోయి పెన్నలో కలిసేది కూడా ఆ కమలాపురం దగ్గరే. ఈ చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయనక్కరలేదు. మేకలు దీని తియ్యటి కాయలు తిని, పెంటికలతోపాటు గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి.

గొడ్డలితో కొట్టేస్తే పోదా అంటారేమో. పోదు. మోడు నుంచి ఒక కొమ్మకు బదులు పది లేస్తాయి. చిగురుపెట్టే మొగ్గలు నేల కింద కూడా దాగి ఉంటాయి. ఇక వేరు సంగతి వినండి: అమెరికాలో అరిజోనా గనిలో దీని దాయాది చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది!

కెనడా అడవులలో చెట్లు నరికే పెద్ద యంత్రాలున్నాయి. అవి మానును ఇనుప పిడికిట పట్టి, మొదట్లో రంపంతో కోసి, మోపు కట్టినట్టు పక్కన పేరుస్తాయి. అవి ఇక్కడికి వచ్చినా లాభం లేదు. కోసినకొద్దీ కంప గుబురవుతుంది. దాన్ని పెళ్ళగించాలి. అందుకు పనికొచ్చేది మట్టి తవ్వే జె.సి.బి. 1945లో ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలే అవి.

దాని చేతికి బలం నూనెవల్ల వస్తుంది. ఇంజను నడిపే పంపు, గొట్టాల గుండా నూనెను సిలిండర్లలోకి తోస్తుంది. ఎంత నొక్కినా నూనె దాదాపు కుదించుకుపోదు. కనక లోపలి పిస్టనును అమిత బలంతో నెడుతుంది. నడిపేవాడు చిన్న పిడి కదిపితే చాలు, వెనక పళ్ళతొట్టి మోడు కిందికి దూరి వేరుతో సహా లేపుతుంది. ముందరి వెడల్పు తొట్టి కంపను కుప్పగా తోస్తుంది. నడిపేవాడి చేతికి ఒక్క ముల్లూ గుచ్చుకోదు.

అయినా ఒక్కసారితో పని తీరదు. నేలలో మిగిలిన గింజలు వాన పడగానే మొలుస్తాయి. చిత్రమేమంటే, పొలం ఉన్నవాడికి శత్రువైన ఈ చెట్టే పొలం లేనివాడికి వంటచెరకు. కట్టె గట్టిది, మంచి వేడినిస్తుంది. బొగ్గు కాల్చి అమ్ముకుని బతికేవాళ్ళూ ఉన్నారు. అందుచేత జె.సి.బి. కుప్పవేసిన మోళ్ళు వృథాగా పోవు. ఎండాక పొయ్యిలోకో, బొగ్గుబట్టీకో చేరుతాయి.